మామ్మ కంట్లో మంచు

ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నోటిఫికేషన్ల గురించీ స్కాలర్‌షిప్పుల గురించీ కాదు, ఒక కంటి మందు గురించి. మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకి శుక్లాల ఆపరేషన్లు బాగానే అవుతున్నాయి. తీసుకెళ్ళేటప్పుడు ఫొటోలు పెడతాం, కట్టు విప్పాక ఫొటోలు పెడతాం. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయరు. మా ఇంట్లో జరిగింది రాస్తున్నాం.

మేము ముగ్గురు తోబుట్టువులం. మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. మాలో పెద్దది విశాఖలో నర్సింగు ఆఖరి సంవత్సరం. నడిమిది డిగ్రీ చదువుతూ ఇంటి దగ్గరే ఉంటోంది. చిన్నోడు గురుకులంలో ఇంటర్ బైపీసీ. ముగ్గురం ఒకే ఫోన్లో ఒకరి తర్వాత ఒకరం టైపు చేశాం, అందుకే అక్కడక్కడ మాట తీరు మారుతుంది. సర్దుకోండి.

మా మామ్మకి రెండు కళ్ళలోనూ పువ్వు వచ్చి చాలా ఏళ్ళయింది. కుడి కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. ఆపరేషన్ అంటే ఒప్పుకునేది కాదు. కాఫీ పళ్ళు ఏరేటప్పుడు ఎర్రవీ పచ్చివీ కలిపి కోసేస్తోందని మా నాన్న గట్టిగా కసిరాక, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. అప్పుడు మేమే పట్టుబట్టాం. "ఏం కాదు మామ్మా, పావుగంట పని, మర్నాటికల్లా కనిపిస్తాది" అని ముగ్గురం కలిసి ఒప్పించాం. పావుగంట అన్నమాట మాదే. దాన్ని తర్వాత చాలాసార్లు మాకే గుర్తు చేసింది.

నవంబరులో కుడి కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పితే పెద్దగా కనపడలేదు. పువ్వు బాగా ముదిరి రాయిలా గట్టిపడిపోయింది, దాన్ని ముక్కలు చెయ్యడానికి ఎక్కువసేపు పట్టింది, అందుకే నల్లగుడ్డు వాచింది, తగ్గుతుంది అని డాక్టరు చెప్పారు. చుక్కల మందులు రాసిచ్చి పంపారు. మాకు సగం అర్థమైంది. మామ్మకి అసలు అర్థం కాలేదు. "కోసినాక వాపు రాదేటి" అని ఊరుకుంది.

ఇంటికొచ్చాక జరిగింది వింటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం మాకు నవ్వు రాలేదు. మా వైపు చలికాలం పొద్దున పూట మంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. లంబసింగి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వేసుకుని వస్తారు కదా, ఆ మంచే. మామ్మ పొద్దున లేచి గుమ్మంలో కూర్చుని, "మంచు ఇంకా ఇడిసినేదేటే?" అని అడిగేది. నిజంగానే మంచు ఉండేది, కాబట్టి "లేదు మామ్మా" అనేవాళ్ళం. పది దాటాక "ఇప్పుడు ఇడిసింది" అనేది. అప్పటికి మంచు కూడా విడిచేది. ఇలా రెండు వారాలు గడిచాయి. ఒకరోజు మబ్బూ మంచూ ఏమీ లేకుండా తెల్లారేసరికే ఎండ కాసింది. నడిమిది గిన్నెలు తోముతోంది. మామ్మ గుమ్మంలో కూర్చుని అదే మాట అడిగింది, మంచు ఇంకా ఇడిసినేదేటే అని.

నడిమిది గిన్నె అక్కడే వదిలేసి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పెద్దదానికి ఫోన్ చేసింది.

పెద్దది అడిగిన మొదటి మాట, "పొద్దున మసకగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తేటపడుతోందా?" అని. అవునన్నాక, అది నల్లగుడ్డు వాపు లక్షణం, వెంటనే చూపించాలి అంది. ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, విసుక్కోకండి.

కంటికి ముందు వైపు గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. అదే కార్నియా. మనం నల్లగుడ్డు అంటాం గానీ ఆ నలుపు దాని వెనక ఉన్నదానిది, పొరకి రంగే లేదు. తెలుగు పుస్తకాల్లో దాని పేరు శుక్లపటలం. పువ్వుని శుక్లం అంటారు. రెండు పేర్లూ ఒకేలా ఉండటం వల్ల మా చిన్నోడు పరీక్షలో ఒకసారి మార్కులు పోగొట్టుకున్నాడు. శుక్లం అనేది లోపల కటకానికి వచ్చేది, శుక్లపటలం ముందున్న అద్దం, రెండూ వేరు. ఈ అద్దం మందం అర మిల్లీమీటరు చిల్లర. దాని లోపలి అంచున ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి. వాటి పని నీళ్ళు తోడటం. కంటి లోపలి నీరు ఎప్పుడూ ఆ అద్దంలోకి ఊరుతూ ఉంటుంది, ఈ కణాలు రాత్రీ పగలూ దాన్ని బయటికి తోడేస్తూ ఉంటాయి. తోడినంతకాలం అద్దం తేటగా ఉంటుంది. అవి దెబ్బతింటే నీరు నిలిచి, అద్దం ఉబ్బి, ఊదిన అద్దంలా మసకబారుతుంది. పెద్ద చిక్కేంటంటే, మనుషుల్లో ఆ కణాలు చనిపోతే మళ్ళీ పుట్టవు. మిగిలినవే సాగి ఖాళీలు కప్పుకోవాలి. వయసుతో ఎలాగూ తగ్గుతుంటాయి. ఆపరేషన్లో కొన్ని పోతాయి. పువ్వు ఎంత గట్టిపడితే అన్ని ఎక్కువ పోవచ్చు. మన ముసలివాళ్ళు ఆఖరికి గుడ్డివాళ్ళయ్యాక గానీ ఆసుపత్రికి రారు కదా. దారి, డబ్బు, భయం, కాఫీ పని, ఏదో ఒకటి అడ్డం. అలా ఆలస్యమైన వాటిలో మామ్మ కన్నూ ఒకటి.

పొద్దున్నే ఎందుకు ఎక్కువ మసక అంటే, రాత్రంతా రెప్పలు మూసి ఉంటాయి, కంటి మీద తడి ఆరదు. లేచి కళ్ళు తెరిచాక గాలికి కొంత నీరు ఆవిరవుతుంది, కాబట్టి నెమ్మదిగా తేటపడుతుంది. మామ్మ మంచు విడవడం అంటే ఇదే.

చూపించాం. డాక్టరు పాత చుక్కలు కొనసాగించమని, కొత్తగా రెండు రాశారు. పగలు నాలుగుసార్లు వెయ్యడానికి సోడియం క్లోరైడ్ ఐదు శాతం చుక్కలు, రాత్రి పడుకునే ముందు అదే మందు ఆయింట్‌మెంట్. సోడియం క్లోరైడ్ అంటే ఉప్పే. మన కన్నీళ్ళలో ఉండే ఉప్పు దాదాపు 0.9 శాతం. ఈ మందులో దానికి ఐదు రెట్లకి పైనే. ఆయింట్‌మెంట్ ఐదు శాతంలోనూ ఆరు శాతంలోనూ దొరుకుతుంది. ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు లాక్కుపోతుంది కాబట్టి, కంటి మీద వేసిన మందు పొరలోని నీటిని బయటికి లాగుతుంది. చుక్కలు కాసేపటికే కన్నీళ్ళలో కొట్టుకుపోతాయి. ఆయింట్‌మెంట్ జిడ్డు కాబట్టి రెప్పల కింద ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే రాత్రికి అది.

ఇక్కడే మొదటి పొరపాటు. ఆయింట్‌మెంట్ కొనడానికి నడిమిది వెళ్ళింది. దుకాణంలో చీటీ చూసి, అది లేదు, కంటి ఆయింట్‌మెంట్లన్నీ ఒకటే, ఇది రాయండి అని వేరే చిన్న ట్యూబు ఇచ్చారు. చదువుకున్నవాళ్ళమే కానీ కౌంటరు దగ్గర నలుగురిలో నిలబడి "చీటీలో ఉన్నదే కావాలి" అని గట్టిగా అడగలేకపోయాం. అది మందు దుకాణాల్లోనే కాదు, మనకి చాలా చోట్ల వచ్చే జబ్బు. ఆరు రాత్రులు అదే రాశాం. ఆదివారం పెద్దది ఇంటికొచ్చి ట్యూబు మీద పేరు చదివితే అది సూక్ష్మక్రిములకి వేసే యాంటీబయాటిక్. హాని జరగలేదు గానీ వాపుకి దాంతో పనేమీ లేదు. ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో సోడియం క్లోరైడ్ అని ఉందో లేదో చూడండి. అసలుది విశాఖ నుంచి తెప్పించాం.

అసలు మందు వేసిన మొదటి రాత్రి మామ్మ అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు లేచి వచ్చారు. "సురుక్కుమంటాదే! ఉప్పు కంట్లోన ఏస్తారేటి? మీ సదువులు ఇవా?" కొంచెం మంట పుట్టడం ఈ మందుకి మామూలే, కాసేపట్లో పోతుంది. అది ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అప్పటికే పావుగంట అని ఒకసారి అబద్ధం చెప్పినవాళ్ళం. రెండో రాత్రి వద్దంది. మూడో రాత్రి నిద్ర నటించింది. నాలుగో రోజు ట్యూబే కనపడలేదు. తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది.

ఆ నాలుగు రోజుల్లోనే రెండో పొరపాటు జరగబోయింది. అది మా చిన్నోడిది. వాడే రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాం. సెలవులకి ఇంటికొచ్చాడు. ట్యూబు పోయింది, చుక్కల సీసా అయిపోవచ్చింది. వాడికి అప్పుడే ద్రవాభిసరణం పాఠం అయింది. బంగాళాదుంపని గిన్నెలా తొలిచి, చక్కెర నీళ్ళు పోసి, నీటిలో పెట్టే ప్రయోగం గుర్తుందా? అది చేసి వచ్చిన ఊపు మీదున్నాడు. ఐదు శాతం అంటే వంద మిల్లీలీటర్లకి ఐదు గ్రాములు, ఇందులో ఏముంది అని, జీసీసీ డిపో ఉప్పు తూచి, నీళ్ళు మరిగించి, చల్లార్చి, వడగట్టి, కడిగిన పాత చుక్కల సీసాలో పోసేశాడు. లెక్క సరిగ్గానే ఉంది. మామ్మని పడుకోబెట్టి రెప్ప కూడా లాగాడు. వీడియో కాల్లో ఉన్న పెద్దది చూసి, "వెయ్యకు! సీసా కింద పెట్టు!" అని కేక వేసింది.

ఇంట్లో మరిగించిన నీరు కంటికి సరిపడా శుభ్రమైనది కాదు. గిన్నెకి, గుడ్డకి, సీసా మూతకి, చేతికి ఉన్నదంతా అందులోకి వస్తుంది. కుళాయి నీటిలో, ఊట నీటిలో అకాంతమీబా అనే జీవి ఉండొచ్చు, అది నల్లగుడ్డుని పట్టుకుంటే నెలల తరబడి వదలదు, చూపే పోవచ్చు. ఇక అప్పుడే కోసిన కన్ను, పైపొర ఉబ్బి బలహీనంగా ఉన్న కన్ను అయితే చెప్పనక్కర్లేదు. వంట ఉప్పులో అయోడిన్, ముద్ద కట్టకుండా వేసేవి కూడా ఉంటాయి. కంపెనీ మందులో ఉన్నదీ ఉప్పే, కానీ దాన్ని క్రిములు లేకుండా తయారు చేసి మూసి పంపుతారు. మనం డబ్బిచ్చేది ఆ శుభ్రతకి. చిన్నోడు ఆ సీసా తీసుకెళ్ళి పెరట్లో పారబోసి చాలాసేపు లోపలికి రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మామ్మ మాకు చెప్పకుండా, పక్క ఊళ్ళో పసరు పోసే తాత దగ్గరికి మా బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. తెలిసి మేము భయపడ్డాం, కోపంతో ఊగిపోయాం. పసర్ల వల్ల కళ్ళు పుండ్లు పడిన కేసులు పెద్దది వార్డులో చూసింది. మేము పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆ తాత మామ్మని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తున్నాడు. "కోసిన కంట్లో నాను ఏటీ పొయ్యను. కోసినోల్లు ఏటి ఏయమన్నారో అదే ఎయ్యి" అని చెప్పి పంపేశాడు. మేము దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఆ రోజు నడిచి వస్తూ మామ్మే మాట్లాడింది. తన చిన్నప్పుడు ఉప్పు కోసం చింతపండు, అడ్డాకులు మోసుకుని సంతకి దిగేవాళ్ళట. షావుకారు తూకంలో మోసం చేస్తాడని తెలిసినా, ఉప్పు లేకుండా ఇంటికి రాలేరు కాబట్టి ఇచ్చినంత తెచ్చుకునేవాళ్ళట. అడవిలో అన్నీ దొరుకుతాయి, ఉప్పొక్కటే దొరకదు. 1956లో జీసీసీ పెట్టింది ఇలాంటి మోసాల నుంచి మనవాళ్ళని తప్పించడానికే అని మేం పుస్తకంలో చదివాం, మామ్మ దాన్ని బతికింది. "ఉప్పుకి అంత ఇలువ. దాన్ని కంట్లోన పోసి మండించుకోడానికేటి?" అంది. అప్పుడు గానీ మాకు తట్టలేదు, ఆమెకి మేము ఇంతవరకు ఈ మందు ఎందుకో చెప్పనే లేదని. వెయ్యి అన్నామే తప్ప.

నడిమిది చెప్పింది. "మామ్మా, మామిడికాయ ముక్కలకి ఉప్పు రాసి పెడితే తెల్లారేసరికి ఏమవుద్ది?" "నీరు ఊరుద్ది." "నీ నల్లగుడ్డు పచ్చి ముక్కలా నీరు పట్టింది. దానికి ఉప్పు రాస్తే ఆ నీరు బయటికొస్తాది. ఉప్పు మండుతాది, మామిడి ముక్క అరవదు కాబట్టి మనకి తెలీదు." మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక, "ముక్కలు ఎండలో పెడతాం గదా, మరి కంటిని?" అంది. పొద్దున లేచాక కాసేపు గాలికి కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి అన్నాం. "అదైతే రోజూ సేస్తన్నాను" అంది.

అప్పటి నుంచి పద్ధతిగా సాగింది. రాత్రి అన్నం తిన్నాక నడిమిది సబ్బుతో చేతులు కడుక్కునేది. ముందు చుక్కల మందు. ఒక్కో చుక్కకీ మధ్య కొంత వ్యవధి. పది నిమిషాలు ఆగి ఆఖరున ఆయింట్‌మెంట్, ఎందుకంటే ముందు జిడ్డు రాస్తే తర్వాత వేసే చుక్కలు లోపలికి దిగవు. కింది రెప్పని వేలితో కొంచెం లాగి, ఆ సంచిలో బియ్యపు గింజ కన్నా కొంచెం పొడుగ్గా ఒక తీగ మందు. ట్యూబు మూతి కంటికీ రెప్ప వెంట్రుకలకీ వేలికీ తగలకూడదు. కళ్ళు మూసుకుని గుడ్డు అటూ ఇటూ తిప్పడం. రాశాక ఎలాగూ మసకగా ఉంటుంది, అందుకే ఆ తర్వాత మామ్మని బయటికి ఒంటరిగా పోనివ్వలేదు. ట్యూబు విప్పిన తేదీని దాని మీదే పెన్నుతో రాశాం, నెల దాటితే మందు మిగిలినా పారేయడమే. పొయ్యి గట్టు మీద పెట్టకుండా గోడ గూట్లో పెట్టాం. బియ్యం డబ్బాలో వెతుక్కునే పని లేకుండా అని కూడా.

ఇంకొకటి చేశాం. మామ్మకి అక్షరాలు రావు కాబట్టి, రోజూ పొద్దున నడిమిది చింతచెట్టు దగ్గర నిలబడి వేళ్ళు చూపించేది. ఎడమ కన్ను మూసుకుని ఎన్నో చెప్పాలి. మూడుసార్లు వరసగా సరిగ్గా చెప్పిన టైముని పాత నోటుబుక్కులో రాసేవాళ్ళం. పేరు "మంచు విడిచిన టైము". డిసెంబరు మొదట్లో పదింపావు, పదిన్నర. మందు సరిగ్గా పడటం మొదలయ్యాక పది. సంక్రాంతికి తొమ్మిది. ఒకరోజు మళ్ళీ పదకొండు, ఆ ముందు రాత్రి పెళ్ళికెళ్ళి మందు మానేసింది. జనవరి చివర్లో ఎనిమిది. తర్వాతి పరీక్షకి ఆ పుస్తకం పట్టుకెళ్తే డాక్టరు పేజీలన్నీ తిరగేశారు. ఇలా రాసుకుని వచ్చేవాళ్ళు ఉండరు అన్నారు. మామ్మ "నా ఏల్ల లెక్క" అని పక్క కుర్చీ ఆవిడకి గొప్పగా చెప్పుకుంది.

ఆరోజే మేము అడగడానికి భయపడిన మాట అడిగాం, ఈ మందుతో నయమవుతుందా అని. నిజం చెప్పారు. ఈ ఉప్పు మందు నీళ్ళు తోడే కణాల్ని బాగుచెయ్యదు. లాగేది ఎక్కువగా పైపొరలోని నీటినే, లోతు వాపు మీద దాని బలం తక్కువ. మిగిలిన కణాలు కోలుకుని సర్దుకునేదాకా చూపుకి ఆసరా, పైపొర బొబ్బలెక్కి పగలకుండా కొంత కాపు. బొబ్బలు పగిలితే నొప్పి భరించలేం అని పెద్దది ముందే చెప్పింది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాపు చాలామందికి రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే, దానం చేసిన కంటి నుంచి ఆ లోపలి పొరని మాత్రమే తీసి అతికించే ఆపరేషన్ ఉంది. అలాంటివి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట చేస్తారు, వాళ్ళకి హైదరాబాద్‌లోనే కాదు, విశాఖలోనూ ఆసుపత్రి ఉంది. ఆ మాట విన్నాక ఫిబ్రవరి అంతా నోటుబుక్కు చూడాలంటేనే గుండె కొట్టుకునేది.

కన్ను ఎర్రబడినా, నొప్పి పెరిగినా, చీము పట్టినా, ఉన్న చూపు ఒక్కసారి తగ్గినా ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఇంట్లో కూర్చోకండి, అదే రోజు బయలుదేరండి. అవి వాపు లక్షణాలు మాత్రమే కాకపోవచ్చు. అలాగే ఒకరికి రాసిన ఈ మందుని కళ్ళు మసకన్న ఇంకొకరికి ఇవ్వకండి. మా పక్కింటి పెద్దమ్మ అడిగింది, ఆమెకి ఉన్నది పువ్వు. పువ్వుకి ఉప్పు పని చెయ్యదు.

ఫిబ్రవరి చివరికి నోటుబుక్కులో ఆరున్నర అని పడింది. అంటే మామ్మ లేచిన టైమే. ఆ తర్వాత వారం రోజులు అదే. డాక్టరు చుక్కలు తగ్గించి, ఆయింట్‌మెంట్ ఇంకో నెల రాసి ఆపమన్నారు. చూపు పూర్తిగా రాలేదు. సూదిలో దారం ఎక్కించలేదు, ఎండలో కన్ను చికిలిస్తుంది. పొరలో పల్చటి మచ్చలాంటిది మిగిలింది, అది ఉండిపోవచ్చు అన్నారు. కానీ చింతచెట్టు కింద ఎవరు నిలబడ్డారో గుమ్మంలోంచే చెప్తుంది. ఈ ఏడు కాఫీ ఏరడం అయిపోయింది కాబట్టి ఎర్రవీ పచ్చివీ పరీక్ష ఇంకా అవలేదు.

ఎడమ కంట్లో పువ్వు ఉంది. అది కూడా ముదురుతోంది. రాయిలా కాకముందే తీయిస్తే మంచిదని డాక్టరు చెప్పారు. ఈసారి మేము పావుగంట అనలేదు. ఏమేం కావచ్చో, ఎన్నాళ్ళు పట్టొచ్చో, మందు మండుతుందో లేదో అన్నీ చెప్పి ఊరుకున్నాం. మామ్మ పసుపు కొమ్ములు కడుగుతూ విని, "పసుపు ఉడకబెట్టడం అవనీ, సూద్దాం" అంది. కాసేపాగి, ఆ మండే ట్యూబు ఇంకా ఉందా పారేశారా అని అడిగింది. నెల దాటింది, పారేశాం అన్నాం.

"మరి కొత్తది కొనాల గదా" అంది.